లోపాముద్ర

లోపాముద్ర హిందూ స్త్రీల పేర్లలో అత్యంత ప్రాచీనమైన వాటిలో ఒకటి, వాడుకలో మాత్రం చాలా అరుదైనది. ఋగ్వేదం మొదటి మండలంలోని 179వ సూక్తంలో ఈ పేరు ఉంది. అగస్త్య మహర్షి భార్యగా మహాభారతం, రామాయణం, పురాణాలు ఆమెను పేర్కొన్నాయి. దేవిని ఉపాసించే శ్రీవిద్యా సంప్రదాయం ఆమెను మంత్రద్రష్టగా కొలుస్తుంది. కర్ణాటకలోని కొడగు ప్రజలకు ఆమె సాక్షాత్తు కావేరీ నది. ఇన్ని చోట్ల ఉన్న పేరు తెలుగువారి ఇళ్లలో బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యం మీదికి ఎప్పుడో గాని రాదు. సీత, సావిత్రి, అనసూయ, అరుంధతి మనకు ఇంట్లో మనుషుల పేర్లంత దగ్గరైనా లోపాముద్ర పురాణ కాలక్షేపంలో విని వదిలేసే పేరుగానే ఉండిపోయింది.

ఈ పేరు గురించి రాసేవాళ్లు మొదట దాని అర్థం చెప్పి, ఆ తర్వాత "అగస్త్యుడి భార్య" అని ముగిస్తుంటారు. పేరు విలువ ఆ రెండింటిలోనూ లేదు. ఆమె కథలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి బయటపడుతుంది. తనకేం కావాలో నోరు తెరిచి అడిగిన స్త్రీ లోపాముద్ర. మొదటి కథ నుంచీ అంతే.

ఋగ్వేదంలో

179వ సూక్తంలో ఆరు ఋక్కులు ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు మాట్లాడుకున్నట్లు సాగే సంవాద సూక్తాల్లో ఇది ఒకటి. పురూరవుడు–ఊర్వశి, యముడు–యమి సూక్తాలు ఆ వరుసలోనివే. సంప్రదాయం ప్రకారం మొదటి రెండు ఋక్కులకు ఋషి లోపాముద్ర, తర్వాతి రెండింటికి అగస్త్యుడు. చివరి రెండూ ఆ మాటలు విన్న శిష్యుడివి. సూక్తానికి దేవత రతి.

ఆమె మాటల సారాంశం ఇది. ఎన్నో ఏళ్లుగా రాత్రనక పగలనక శ్రమిస్తూ వచ్చాను, ప్రతి తెల్లవారుజామూ వయసును పెంచుతూనే ఉంది, ముసలితనం ఒంటి అందాన్ని తగ్గిస్తుంది, సత్యాన్ని పాటిస్తూ దేవతలతో సత్యం పలికిన పూర్వులు కూడా అంతు చూడలేకపోయారు, కాబట్టి భర్తలు భార్యల దగ్గరికి రావాలి. ఏడుపుగాని నిష్ఠూరంగాని లేవు. తపస్సునూ ఆమె తప్పుపట్టలేదు. తపస్సు పేరుతో జీవితంలో సగం పక్కకు పోవడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. అగస్త్యుడు మన శ్రమ వృథా కాలేదంటాడు, దేవతల కాపుదల ఉందంటాడు, ఇద్దరం కలిసే గెలుద్దామంటాడు. లోపాముద్ర అన్న పేరు వచ్చేది నాలుగో ఋక్కులో, ఆమె ధీరుడైన భర్తను తనవైపు తిప్పుకున్న చోట. ఆ ధైర్యశాలి పక్కన ఆమెను వేదం "అధీర" అంటుంది. నిలకడ లేనిది, ఆగలేనిది అని ఆ మాటకు భావం.

చివరి ఋక్కు అగస్త్యుడు పలుగుతో తవ్వుతూ, సంతానాన్ని, బలాన్ని కోరుతూ రెండు వర్ణాలనూ పోషించాడని చెబుతుంది. విజయనగర రాజ్య కాలపు భాష్యకారుడు సాయణుడు ఇక్కడ వర్ణాలంటే కామం, తపస్సు అని వ్యాఖ్యానించాడు. ఆ వ్యాఖ్యానం సరైనదైతే గృహస్థ జీవితానికి ఇంతకన్నా పాత సమర్థన దొరకడం కష్టం. అది మొదలైంది ఒక భార్య అడిగిన ప్రశ్నతో.

ఋగ్వేదంలో స్త్రీల పేరిట ఉన్న ఋక్కులు తక్కువ. ఘోష, అపాల, విశ్వవార వంటి కొద్దిమంది ఉన్నారు. వేద దేవతలను వివరించే బృహద్దేవత బ్రహ్మవాదినుల వరుసలో లోపాముద్రను చేర్చింది. అంటే ఆమె పేరు కథలోని పాత్ర పేరుగా కన్నా ముందు ఋషి పేరుగా నిలిచింది.

మహాభారతంలో

లోపాముద్ర పూర్తి కథ అరణ్యపర్వంలో ఉంది. తీర్థయాత్రలో లోమశ మహర్షి ధర్మరాజుకు చెబుతాడు. తెలుగులో అరణ్యపర్వాన్ని నాలుగో ఆశ్వాసం నడిమి దాకా రాసింది నన్నయ, ఈ కథ ఆయన రాసిన భాగంలోనిదే. అంటే 11వ శతాబ్దిలో, రాజమహేంద్రవరంలో తెలుగు కావ్యం పుట్టినప్పటి నుంచీ లోపాముద్ర తెలుగు పేరే.

అగస్త్యుడు ఒకచోట గోతిలో తలకిందులుగా వేలాడుతున్న తన పితరులను చూశాడు. నువ్వు సంతానం కంటే గాని మాకు గతి లేదన్నారు వాళ్లు. తనకు తగిన భార్య ఎక్కడా కనిపించక, ఏ ప్రాణిలో ఏ అవయవం చక్కగా ఉందో దాన్ని తీసుకుని మనసులో ఒక స్త్రీని రూపొందించాడు. సంతానం కోసం తపస్సు చేస్తున్న విదర్భ రాజుకు ఆమెను బిడ్డగా ఇచ్చాడు. రాజు సంతోషించి బ్రాహ్మణులకు చెప్పగా వాళ్లే ఆమెకు లోపాముద్ర అని పేరు పెట్టారు. నీటిలో తామరలాగా పెరిగింది, నూరుమంది చెలికత్తెలు చుట్టూ ఉండేవారు. ఈడు వచ్చాక అగస్త్యుడు వచ్చి పిల్లనడిగాడు. నారచీరలు కట్టే మునికి కూతుర్నివ్వడానికి రాజుకు మనసొప్పలేదు, కాదంటే శపిస్తాడేమోనని భయం. తల్లిదండ్రులు నలిగిపోతుంటే నన్ను అగస్త్యుడికిచ్చి మిమ్మల్ని మీరు కాపాడుకోండని చెప్పింది కూతురే.

ఇక్కడ ఒక్క మాట. విదర్భ అంటే నేటి తూర్పు మహారాష్ట్ర, నాగపూర్, అమరావతి ప్రాంతం, తెలంగాణకు ఉత్తరాన సరిహద్దు. దమయంతి ఆ దేశపు రాకుమార్తె. రుక్మిణి కూడా అంతే. దేవతలు వరుసగా నిలుచున్నా నలుడినే గుర్తుపట్టి వరించింది దమయంతి, కృష్ణుడికి కబురంపింది రుక్మిణి. పెళ్లి విషయంలో ఆడపిల్ల మాట చెల్లిన కథలు మూడూ ఒకే నేల మీద పుట్టడం నాకు కాకతాళీయంగా తోచదు. ఏ కథకుడైనా విదర్భ అనగానే మాట గల ఆడపిల్లను ఊహించుకున్నాడేమో.

పెళ్లయ్యాక లోపాముద్ర పట్టుచీరలూ నగలూ వదిలి నారచీర కట్టి గంగాద్వారంలో భర్తతో తపస్సులో గడిపింది. చాలా కాలానికి అగస్త్యుడు సంతానం కోసం ఆమెను దగ్గరకు పిలిచినప్పుడు చేతులు జోడించి, సిగ్గుపడుతూనే, తన షరతు చెప్పింది. నా పుట్టింట్లో ఎలాంటి పాన్పు ఉండేదో అలాంటి పాన్పు కావాలి, మీరు పూలదండలూ ఆభరణాలూ ధరించి రావాలి, నేనూ అలంకరించుకుని వస్తాను, ఈ పాత కాషాయాలతో మాత్రం రాను అంది. మీ నాన్నకున్న సంపద నాకెక్కడిదని ఆయన అడిగితే, తపస్సుతో మీరు తెప్పించలేనిది ఏముందని ఆమె బదులడిగింది. అలా చేస్తే తపస్సు తరిగిపోతుంది, వేరే దారి చెప్పమన్నాడు. ఆమె తగ్గలేదు. మీ ధర్మానికి నష్టం రాకూడదు, నా కోరికా తీరాలి, ఎలా చేస్తారో మీరే చూసుకోండని వదిలింది.

మహాభారతంలో భార్యాభర్తల సంభాషణలు చాలా ఉన్నా, ఇద్దరి పట్టుదలకూ ఇంత సమాన గౌరవం ఇచ్చినవి తక్కువ. కవి ఎవరినీ గెలిపించలేదు, ఎవరినీ నవ్వులపాలు చేయలేదు.

అగస్త్యుడు డబ్బు కోసం బయలుదేరాడు. శ్రుతర్వుడనే రాజు దగ్గరికి వెళితే ఆయన ఆదాయ వ్యయాలు చూపించాడు, రెండూ సమానంగా ఉన్నాయి. అందులోంచి తీసుకుంటే ప్రజలకు కష్టమని ముని ముట్టుకోలేదు. మరో ఇద్దరు రాజుల దగ్గరా ఇదే లెక్క. ఆ ముగ్గురు రాజులూ, మునీ నలుగురూ కలిసి చివరికి ఇల్వలుడనే రాక్షసుడి ఇంటికి వెళ్లారు. తమ్ముడు వాతాపిని మేకగా మార్చి వండి అతిథులకు పెట్టడం, ఆ తర్వాత పేరు పెట్టి పిలవడం, వాతాపి పొట్ట చీల్చుకుని రావడం ఇల్వలుడి పద్ధతి. అగస్త్యుడు తినేసి అరిగించుకున్నాడు. ఇల్వలుడు భయపడి అడిగినంత ధనం ఇచ్చాడు.

చంటిబిడ్డకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ తెలుగు అమ్మలూ అమ్మమ్మలూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనుకోవడం ఈ కథ నుంచే. వాతాపి పేరు కర్ణాటకలోని బాదామికి నిలిచింది, అక్కడి నుంచి ముత్తుస్వామి దీక్షితుల హంసధ్వని కృతిలోకి వచ్చింది. అగస్త్యుడి పేరు ఆకాశంలో ఒక నక్షత్రానికి ఉంది, వాడపల్లి, చెన్నూరు, తొండవాడ వంటి చోట్ల అగస్త్యేశ్వర ఆలయాలకు ఉంది. ఈ ప్రయాణమంతా ఎవరి కోరిక తీర్చడానికి మొదలైందో ఆమె పేరు మాత్రం బిడ్డ పొట్ట నిమిరే చేతులకు గుర్తు రాదు.

ధనం తెచ్చిన తర్వాత అగస్త్యుడు భార్యను ఎంచుకోమన్నాడు. వెయ్యిమంది కొడుకులా, ఒక్కొక్కడు పదిమందికి సాటి వచ్చే నూరుమందా, నూరుమందికి సాటి వచ్చే పదిమందా, వెయ్యిమందిని మించిన ఒక్కడా? విద్వాంసుడైన ఒక్క కొడుకు చాలంది ఆమె. ఏడేళ్లు గర్భంలో ఉండి దృఢస్యుడు పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి ఆశ్రమానికి సమిధలు మోసుకొచ్చేవాడు గనుక ఇధ్మవాహుడనీ పిలిచారు.

పేరు పుట్టుక, అర్థం

లోపాముద్ర అర్థం విషయంలో పండితులు ఒకే మాట మీద లేరు. ఎక్కువగా వినిపించే వ్యుత్పత్తి భారత కథను ఆధారం చేసుకుంది. లేడి కళ్లు, హంస నడక ఇలా ఒక్కో ప్రాణి అందాన్ని తీసుకుని ఆమెను సృష్టించడంతో ఆ ప్రాణులు తమ ప్రత్యేక ముద్రను కోల్పోయాయి, అందుకే లోపాముద్ర అని. ఇతర స్త్రీల రూపగర్వాన్ని లోపింపజేసేది అన్నది దీనికి దగ్గరి మాట. "లోప" మీద "ముద్ర" చేరితే "లోపముద్ర" కావాలి గదా, దీర్ఘం ఎందుకన్న ప్రశ్నకు మరికొందరు "లోప, అముద్ర" అని విడదీసి, సేవలో లోపం జరిగితే సంతోషం పొందనిది అని చెప్పారు. సవర్ణదీర్ఘ సంధికి సరిపోతుంది గాని, పతివ్రతగా ఆమెకు పేరు స్థిరపడ్డాక వచ్చిన వివరణ అని చూడగానే తెలుస్తుంది.

ఈ వివరణలన్నీ పేరు తర్వాత పుట్టినవే. ముద్ర అంటే అచ్చు, గుర్తు అన్న అర్థం వేదకాలం తర్వాతి సంస్కృతంలో స్థిరపడింది. ఋగ్వేదం నాటికి ఈ పేరులో ఏ ధ్వని ఉండేదో ఈ అర్థాలతో తేలదు. పిల్లల పేర్ల పుస్తకాలు "లోపాముద్ర అంటే అందగత్తె" అనో "విదుషి" అనో ఒక్క మాటలో రాస్తుంటాయి. అవి ఆ పేరు గల స్త్రీ గుణాలే గాని పేరుకు అర్థాలు కావు.

కౌషీతకి, వరప్రద అన్నవి ఆమెకున్న ఇతర నామాలు. సంస్కృతంలో చివర దీర్ఘంతో లోపాముద్రా, తెలుగులో సీతా సీత అయినట్లే లోపాముద్ర.

కావేరి అయిన కథ

దక్షిణాదిలో ఆమె కథ ఇంకో దారి పట్టింది. కొడగులో చెప్పుకునే కావేరీ మాహాత్మ్యం ప్రకారం బ్రహ్మ తన కూతురు లోపాముద్రను కవేర మునికి దత్తత ఇచ్చాడు, కవేరుడి కూతురు గనుక కావేరి అయింది. అగస్త్యుడు పెళ్లాడతానంటే నన్ను ఎప్పుడూ ఒంటరిగా వదలకూడదని ఆమె షరతు పెట్టింది. ఒకరోజు ఆయన ఆమెను కమండలువులో నీటి రూపంలో ఉంచి కనకే నదికి స్నానానికి వెళ్లాడు. మాట తప్పిన మరుక్షణం ఆమె పొంగి ప్రవాహమై సాగిపోయింది. బ్రహ్మగిరి కొండల్లోని తలకావేరి ఆమె బయటికి వచ్చిన చోటు. అక్టోబర్ మధ్యలో తులా సంక్రమణం నాడు అక్కడి కుండికలో నీరు ఉబికే క్షణం కోసం వేలమంది ఎదురుచూస్తారు. కొడవ స్త్రీలు చీర కుచ్చిళ్లు వెనక పెట్టుకోవడానికి కారణం బలమురి దగ్గర ఆ ప్రవాహం తోపుడుకి కుచ్చిళ్లు వెనక్కి తిరగడమేనని వాళ్ల నమ్మకం.

ఇక్కడా ఆమె ముందే అడిగింది, అడిగింది దక్కకపోతే తన దారి తాను చూసుకుంది. వేదంలోని లోపాముద్రకూ ఈ నదికీ చరిత్రకారులు సంబంధం కలపకపోవచ్చు, కథ చెప్పినవాళ్లు మాత్రం ఆమె స్వభావాన్ని సరిగ్గా పట్టుకున్నారు. వాడుక సంగతి చూస్తే కావేరి అన్న పేరు దక్షిణాది అంతటా ఆడపిల్లలకు ఉంది. అదే స్త్రీ అసలు పేరు ఉండదు.

శ్రీవిద్యలో

లలితా సహస్రనామాన్ని హయగ్రీవుడు అగస్త్యుడికి ఉపదేశించాడని బ్రహ్మాండ పురాణం చెబుతుంది. ఆ వెయ్యి నామాల్లో 647వది లోపాముద్రార్చితా, లోపాముద్ర చేత పూజింపబడినది అని. శుక్రవారం నాడు లలితా పారాయణం చేసే తెలుగు ఇల్లాళ్లందరూ వారానికొకసారైనా ఈ పేరు పలుకుతున్నట్లే లెక్క. శ్రీవిద్యలో పంచదశీ మంత్రానికి రెండు ప్రధాన రూపాలు ఉన్నాయి. "క"తో మొదలయ్యే కాది విద్య మన్మథుడిది, "హ"తో మొదలయ్యే హాది విద్య లోపాముద్రది. ఒక మంత్ర సంప్రదాయమే స్త్రీ పేరిట సాగడం అరుదు. లలితా త్రిశతి పీఠికలోనైతే అందులోని రహస్య నామాలు అగస్త్యుడికి దక్కడానికి ఆయన భార్య లోపాముద్ర భక్తి కూడా కారణమని దేవి చెబుతుంది. మహర్షికి భార్య వల్ల ఉపదేశం దొరికింది.

పతివ్రతల వరుసలో

వాల్మీకి రామాయణం సుందరకాండలో సీత రాక్షస స్త్రీలతో మాట్లాడుతూ తాను రాముణ్ణి ఎలా అనుసరించేదీ చెప్పేటప్పుడు శచి, అరుంధతి, రోహిణి, లోపాముద్ర, సుకన్య, సావిత్రి ఇలా ఉదాహరణలిస్తుంది. అమరకోశం అగస్త్యుడి పేర్లు చెప్పి వెంటనే ఆయన సహధర్మిణిగా లోపాముద్రను పేర్కొంటుంది. అందువల్ల అమరం వల్లించిన తరాలకు ఈ పేరు నోటికి వచ్చేది.

స్కాంద పురాణపు కాశీఖండంలో దేవతలు అగస్త్యాశ్రమానికి వచ్చినప్పుడు బృహస్పతి లోపాముద్రను పొగుడుతూ పతివ్రతా ధర్మాలన్నీ ఏకరువు పెడతాడు. శ్రీనాథుడు ఈ కాశీఖండాన్ని తెలుగు చేసి రాజమహేంద్రవరం రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. కాశీ విడిచి వెళ్లాల్సి వచ్చిన అగస్త్యుడి బాధ, వెంట నడిచిన లోపాముద్ర తెలుగు పాఠకులకు ఆ కావ్యంలో దొరుకుతారు. అయితే ఈ దశలో ఆమె మాట్లాడే మనిషిగా కన్నా ఇతరులు చూపించే ఆదర్శంగానే ఎక్కువగా కనిపిస్తుంది. వేదంలో ప్రశ్న వేసిన స్త్రీ పురాణం నాటికి జవాబుగా మారింది. పేరు మరుగున పడటానికి ఇదీ ఒక కారణమని నేననుకుంటాను. ఉత్త పతివ్రత పేరే కావాలంటే సావిత్రి ఉంది, అనసూయ ఉంది, పలకడానికి సులువు కూడా.

తెలుగునాట ఎందుకు లేదు

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మొదటి రెండక్షరాలు. "లోపం" తెలుగులో రోజూ వాడే మాట, తక్కువ అన్న అర్థంలో. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు శుభశకునం వెతికే ఇంట్లో ఆ మాట వినిపిస్తే నాయనమ్మ ఒప్పుకోదు. ముద్దుగా కుదించి పిలవాలంటే "లోపా" అనాలి, అదీ ఇబ్బందే. స్త్రీల పేరు తేలిగ్గా పలికేదిగా, అర్థం స్పష్టంగా, మంగళకరంగా, దీర్ఘాంతంగా ఉండాలని మనుస్మృతి చెప్పింది. ఇందులో దీర్ఘాంతం తప్ప మిగిలినవాటి దగ్గర లోపాముద్రకు చిక్కే. ఆడపిల్ల పేరులో బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలని పారస్కర గృహ్యసూత్రం, ఇందులోనేమో నాలుగు. అరుంధతిలోనూ నాలుగే గదా అనవచ్చు. నిజమే, కానీ అరుంధతికి పెళ్లి తంతులో చోటుంది. ప్రతి వధూవరులకూ ఆ నక్షత్రం చూపిస్తారు, కాబట్టి పేరు ప్రతి తరానికీ కొత్తగా వినిపిస్తుంది. లోపాముద్రకు అలాంటి తంతు ఒక్కటీ లేదు.

మన సంప్రదాయంలోనే ఈ పేరుకు ఒక ద్వారం మాత్రం తెరిచి ఉంది. జన్మ నక్షత్ర పాదాన్ని బట్టి మొదటి అక్షరం చూసేవాళ్లకు భరణి నాలుగు పాదాలకు లీ, లూ, లే, లో వస్తాయి. నాలుగో పాదంలో పుట్టిన ఆడపిల్లకు "లో"తో పేరు వెతికితే దొరికేవి కొన్నే, లోచన, లోహిత, లోకేశ్వరి లాంటివి. పాత పేరు, వేదంలో ఉన్న పేరు కావాలనుకునే తల్లిదండ్రులు లోపాముద్ర దగ్గర ఆగేది ఇక్కడే.

ఇతర ప్రాంతాల్లో

బెంగాల్, ఒడిశాల్లో ఈ పేరు తెలుగునాట కన్నా ఎక్కువగా వినిపిస్తుంది. అక్కడ లోపా అనే ముద్దుపేరుకు ఇబ్బంది పడరు. బెంగాలీ గాయని లోపాముద్ర మిత్ర ఆధునిక కవుల కవితలకు పాటల రూపమిచ్చి పేరు తెచ్చుకున్నారు. మోడల్, నటి లోపాముద్ర రౌత్ నాగపూర్‌కు చెందినవారు, అంటే పురాణం చెప్పిన విదర్భలోనే పుట్టారు. హిందీ బిగ్ బాస్ పదో సీజన్‌తో ఆమె పేరు దేశమంతా తెలిసింది, తెలుగు ప్రేక్షకుల్లో చాలామంది ఈ పేరును మొదటిసారి విన్నదీ అప్పుడే అయివుంటుంది. గుజరాతీలో కె. ఎం. మున్షీ 1930ల్లో వేదకాలాన్ని తీసుకుని లోపాముద్ర పేరిట రచన చేశారు. అందులో ఆమె ముని భార్యగా ఒదిగిపోయే మనిషి కాదు, ఋషిక.

మైత్రేయి, గార్గి వంటి ఉపనిషత్తుల నాటి పేర్లు చదువుకున్న కుటుంబాల్లో మళ్లీ వాడుకలోకి వచ్చాయి. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు రెండక్షరాల పేర్ల వైపు మొగ్గుతున్నారు, అక్కడి నోళ్లకు లోపాముద్ర పొడుగే. పిల్ల పూర్తి పేరు లోపాముద్ర అని పెట్టి, ఇంట్లో ముద్ర అని పిలుచుకుంటే ఆ చిక్కూ తీరుతుంది, లోపం అన్న బెంగా తీరుతుంది. ముద్ర అన్నది ఇప్పటికే విడిగా ఆడపిల్లల పేరుగా వాడుకలో ఉంది.